జీడి కార్ఖానాకి సొంత ఇంటర్నెట్ ఫోన్లు: పలాస సిప్ సర్వర్ ప్రాజెక్టు డైరీ

పలాస-కాశీబుగ్గలో ఒక జీడిపప్పు కార్ఖానా, హరిపురంలో పిక్కలు కొని నిల్వపెట్టే గొడౌను, శ్రీకాకుళం టౌనులో అమ్మకాల ఆఫీసు. ఈ మూడు చోట్లా ఉన్న బల్లఫోన్లు, యజమాని గారి కుటుంబం మొబైళ్లలోని కాలింగ్ యాప్‌లు మూడంకెల నంబర్లతో ఒకదానికొకటి మోగాలి. బయటి ఫోన్ లైన్లతో దీన్ని కలపడం లేదు. దానికి టెలికాం లైసెన్సు నిబంధనలు వేరే ఉన్నాయి, ఆ పని ఈ డైరీలో లేదు. ఇలాంటిదే పెట్టుకోవాలనుకునేవాళ్లు సెట్టింగులు ఇందులోంచి తీసుకోవచ్చు. సాఫీగా సాగినచోట తక్కువగా, పని ఆగినచోట ఎక్కువగా రాశాను.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకోవాలి. సిప్ అనేది కాల్‌ని కలిపే సంకేతాల పద్ధతి మాత్రమే. 2002లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3261లో దాని నియమాలున్నాయి. ఫోన్ మోగించడం, ఎత్తారని చెప్పడం, పెట్టేశారని చెప్పడం దాని పని. మాట మాత్రం ఆర్‌టీపీ అనే పద్ధతిలో చిన్న చిన్న ప్యాకెట్లుగా వేరే పోర్టుల్లో, ఒక్కోసారి వేరే దారిలో వెళ్తుంది. సిప్ సందేశాన్ని ఉత్తరం అనుకుంటే, కవరు మీద ఒక చిరునామా ఉంటుంది, లోపల కాగితం మీద "జవాబు ఇక్కడికి పంపండి, మాట ఇక్కడికి పంపండి" అని ఇంకో రెండు చిరునామాలుంటాయి. ఫోన్ మోగిందంటే కవరు మీది చిరునామా సరైనదని మాత్రమే అర్థం. ఈ ప్రాజెక్టులో మా టైమ్ ఎక్కువగా తిన్న తంటాలు లోపలి చిరునామాల వల్లే వచ్చాయి.

దశ 1: సర్వర్

టెలికాం కంపెనీల్లో అప్లికేషన్ సర్వర్ అంటే కాల్ వచ్చినప్పుడు దాన్ని ఎవరికి మోగించాలి, ఎత్తకపోతే ఏం చేయాలి అని నిర్ణయించే యంత్రం. మాకు ఆ పని ఆస్టరిస్క్ అనే సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ఫోన్లను రిజిస్టర్ చేసుకునేదీ అదే. కొన్ని వందల ఫోన్లుంటే ముందు కమాయిలియో లాంటి ప్రాక్సీ (సిప్ సందేశాల్ని అందుకుని ముందుకు పంపే సాఫ్ట్‌వేర్) పెట్టి, ఆస్టరిస్క్‌ని వెనక ఉంచడం మేలు. మావి 16 ఫోన్లే కాబట్టి రెండో సాఫ్ట్‌వేర్ పెడితే చూసుకోవాల్సిన చోట్లు పెరగడం తప్ప లాభం లేదు.

యంత్రం సెకండ్ హ్యాండ్ మినీ పీసీ, నాలుగు కోర్లు, 8 జీబీ ర్యామ్. పాత హార్డ్ డిస్క్ తీసేసి 240 జీబీ ఎస్‌ఎస్‌డీ వేశాం. కార్ఖానాలో యంత్రాల అదురు, బోర్మా గదుల (పప్పు ఆరబెట్టే గదులు) వేడి తిరిగే డిస్కుకి మంచివి కావు.

ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్ 12. దాని ప్యాకేజీల్లో ఆస్టరిస్క్ లేదు. 11లో ఉండేది, 12లో లేదు. అందుకని దీర్ఘకాల మద్దతు ఉన్న 20వ వెర్షన్‌ని సోర్స్ నుంచి కట్టాం.

1. సోర్స్ విప్పి, కాంట్రిబ్ ఫోల్డర్‌లోని ఇన్‌స్టాల్ ప్రీరెక్ స్క్రిప్ట్ నడపండి. కావలసిన లైబ్రరీలన్నీ అదే తెస్తుంది.
2. కాన్ఫిగర్, ఆపైన మేక్ మెనూసెలెక్ట్. ఛానెళ్లలో పీజేసిప్ (ఇప్పటి సిప్ మాడ్యూల్) ఒక్కటే చాలు.
3. మేక్, మేక్ ఇన్‌స్టాల్, మేక్ కాన్ఫిగ్. మేక్ శాంపిల్స్ మాత్రం వద్దు. అది నింపే నమూనా ఫైళ్లలో మనకి అక్కర్లేని డయల్ దారులు చాలా ఉంటాయి. ఖాళీ ఫైళ్లతో మొదలుపెట్టి కావలసింది రాసుకోవడమే భద్రం.
4. రూట్‌గా కాకుండా ఆస్టరిస్క్ అనే ప్రత్యేక యూజర్ కింద సర్వీసు నడపండి.
5. సెట్టింగుల ఫోల్డర్ మొత్తాన్ని మొదటిరోజే గిట్‌లో పెట్టండి. ఏ లైను ఎప్పుడు, ఎందుకు మారిందో తర్వాత ఇదే చెప్తుంది.

పాత సిప్ మాడ్యూల్ 21వ వెర్షన్ నుంచి పూర్తిగా పోయింది. నెట్‌లో దొరికే చాలా పాఠాలు ఇంకా దాని మీదే ఉన్నాయి. సిప్ డాట్ కాన్ఫ్ అన్న ఫైలు పేరు కనిపిస్తే ఆ పాఠం పక్కన పెట్టండి. ఇప్పుడు కావలసింది పీజేసిప్ డాట్ కాన్ఫ్.

ఇప్పటి వరకు: మినీ పీసీ 9,500, ఎస్‌ఎస్‌డీ 1,800, యూపీఎస్ 4,200. మొత్తం రూ. 15,500. ఫోన్లు ఇంకా సున్నా.

దశ 2: కార్ఖానా లోపల

ఫోన్లు తొమ్మిది: గేటు, ఆఫీసులో రెండు, బాయిలర్, కటింగ్, బోర్మా, పీలింగ్, గ్రేడింగ్, ప్యాకింగ్. నంబర్లు కార్ఖానాకి 201 నుంచి, హరిపురానికి 301 నుంచి, శ్రీకాకుళానికి 401 నుంచి, మొబైళ్లకి 501 నుంచి. మొదటి అంకె చూడగానే ఎక్కడి ఫోనో తెలుస్తుంది. డయల్‌ప్లాన్‌లో (ఏ నంబర్ కొడితే ఏం జరగాలో రాసే ఫైలు) ప్యాటర్న్ రాయడం కూడా తేలిక.

ఫోన్లకి కరెంటు నెట్‌వర్క్ కేబుల్ లోంచే ఇచ్చాం. 8 పోర్టుల పీఓఈ స్విచ్‌లు రెండు. 802.3ఏఎఫ్ పద్ధతిలో ఒక్కో పోర్టు 15.4 వాట్ల దాకా ఇవ్వగలదు, బల్లఫోన్‌కి అంత అక్కర్లేదు. అసలు లాభం వేరే ఉంది. స్విచ్‌కి యూపీఎస్ పెడితే అన్ని ఫోన్లకీ పెట్టినట్టే.

కటింగ్ సెక్షన్ ఫోన్ దగ్గర పని ఆగింది. ఫోన్ వెలిగింది, రిజిస్టర్ అయింది, మోగింది. మాట మాత్రం ముక్కలు ముక్కలుగా వచ్చేది. సర్వర్‌లో ఏ లోపమూ కనబడలేదు. స్విచ్‌లో ఆ పోర్టు లెక్కలు తెరిస్తే సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో పాడై వచ్చిన డేటా లెక్క) నిమిషానికి వందల్లో పెరుగుతున్నాయి. కేబుల్ టెస్టర్ పెడితే పొడవు 118 మీటర్లు. రాగి తీగ మీద ఈథర్‌నెట్‌కి హద్దు 100 మీటర్లు. పైగా ఆ కేబుల్ కొంతదూరం బాయిలర్ బ్లోయర్ మోటారు కరెంటు తీగని ఆనుకుని వెళ్తోంది.

మార్చింది: రెండో స్విచ్‌ని ఆఫీసు నుంచి గ్రేడింగ్ హాలుకి జరిపాం. పొడవు 62, 56 మీటర్ల రెండు ముక్కలైంది. కరెంటు తీగకి అడుగు దూరంలో వేరే పైపు వేశాం. ఆ తర్వాత రోజంతా చూసినా ఎర్రర్లు సున్నా. కేబుల్ బిగించే ముందే టెస్టర్‌తో పొడవు కొలిస్తే ఈ పని తప్పేది.

కటింగ్‌లో ఇంకో సంగతి. పిక్క తొక్కలోంచి వచ్చే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. అందుకే అక్కడ పనిచేసే ఆడవాళ్లు చేతులకి ఆముదం రాసుకుంటారు. ఆ చేతులతో మీటలు నొక్కితే కీప్యాడ్ జిడ్డుకట్టి బిగుసుకుపోతుంది, వాళ్లకీ ఇబ్బంది. ఫోన్‌లో హాట్‌లైన్ సెట్టింగ్ ఆన్ చేశాం. రిసీవర్ ఎత్తితే చాలు, రెండు సెకన్లలో సూపర్‌వైజర్ నంబర్ మోగుతుంది. మీటల మీద పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగు వేశాం. పనిచేసేవాళ్లకి ఎక్కువగా ఉపయోగపడింది ఈ చిన్న మార్పేనని నా నమ్మకం.

ఇప్పటి వరకు: ఫోన్లు 26,100, స్విచ్‌లు 9,200, కేబుల్ 13,000, పైపులు, ప్లగ్గులు 2,750. ఈ దశ రూ. 51,050. మొత్తం రూ. 66,550. ఫోన్లు 9.

దశ 3: హరిపురం గొడౌను, 32 సెకన్లు

గొడౌనులో ఫైబర్ లేదు, 4జీ రౌటరే దిక్కు. మొబైల్ కంపెనీ ఇచ్చే చిరునామా 100.64తో మొదలయ్యే రకం, అంటే వేలమందికి కలిపి ఒకే బయటి చిరునామా. బయటి నుంచి నేరుగా ఆ రౌటర్‌ని చేరుకోలేం. పలాసలో మాత్రం ఫైబర్‌కి స్థిరమైన బయటి చిరునామా ఉంది. అందుకే హరిపురం రౌటరే పలాస సర్వర్‌కి వైర్‌గార్డ్ టన్నెల్ (ఇంటర్నెట్ మీదుగా రెండు చోట్లనీ కలిపే తాళం వేసిన సొంత దారి) కట్టేలా పెట్టాం. పోర్టు యూడీపీ 51820, పర్సిస్టెంట్ కీప్‌అలైవ్ 25 సెకన్లు. గొడౌను ఫోన్లకి 10.30.1 వరస చిరునామాలు. సర్వర్ నుంచి పింగ్ వెళ్తోంది, ఫోన్లు రిజిస్టర్ అయ్యాయి.

ఆపైన పలాస ఆఫీసు గుమస్తా గారు పిలిచారు: "ఏటి బాబూ, ఫోను మోగతాది, ఎత్తుతాను. అవతలోల మాట ఇనబడట్లేదు. నా మాట ఆలకి ఇనబడతంది."

లక్షణాలు విడివిడిగా రాసుకుంటే ఇలా తేలింది:

1. ఎవరు ఎవరికి చేసినా పలాస మాట హరిపురానికి వినబడుతుంది, హరిపురం మాట పలాసకి రాదు.
2. హరిపురం నుంచి చేసిన కాల్ సరిగ్గా 32 సెకన్లకి కట్ అవుతుంది.
3. పలాస నుంచి చేసిన కాల్ కట్ కాదు. కానీ హరిపురంలో పెట్టేసినా పలాస ఫోన్‌లో లైన్ వదలదు.

రెండో లక్షణంలోని అంకె అసలు తాళంచెవి. సిప్‌లో టీ1 అనే మూల టైమర్ 500 మిల్లీసెకన్లు. సర్వర్ "ఎత్తారు" అని 200 ఓకే పంపాక అవతలి నుంచి ఆక్ (అందిందని చెప్పే జవాబు) రావాలి. రాకపోతే మళ్లీ మళ్లీ పంపుతుంది. టీ1కి 64 రెట్లు, అంటే 32 సెకన్లు చూసి కాల్ తెంచేస్తుంది. కాబట్టి 32 సెకన్లకి కాల్ పోతోందంటే సిగ్నల్ బలహీనంగా ఉందని వెతకక్కర్లేదు. ఆక్ ఎక్కడికి పోతోందో వెతకాలి.

పనిముట్టు ఎస్‌ఎన్‌గ్రెప్. సర్వర్ మీద నడిపితే ఏ సందేశం ఎటు వెళ్లిందో బాణాలతో చూపిస్తుంది. ఒక్కో సందేశం లోపల ఏం రాసి ఉందో కూడా తెరిచి చూడొచ్చు. 200 ఓకే మళ్లీ మళ్లీ వెళ్తోంది, ఆక్ లేదు. ఆ 200 ఓకే తెరిస్తే కాంటాక్ట్ లైనులో, అంటే జవాబు ఎక్కడికి పంపాలో చెప్పే లైనులో, పలాస బయటి చిరునామా ఉంది. కింద ఎస్‌డీపీలో (మాట వివరాలు రాసే భాగం) సీ లైను, అంటే మాట ఎక్కడికి పంపాలో చెప్పే లైను, అందులోనూ అదే. హరిపురం ఫోన్ చెప్పినట్టే చేస్తోంది. ఆక్‌ని, మాటని టన్నెల్‌లోకి కాక బయటి ఇంటర్నెట్ మీదుగా పలాస రౌటర్‌కి పంపుతోంది. అక్కడ అవి పోతున్నాయి. పలాస లైన్ వదలకపోవడం కూడా ఇదే కథ, పెట్టేశారని చెప్పే బై సందేశం కూడా బయటి చిరునామాకే పోతోంది.

సర్వర్ ఎందుకలా రాసింది? మొబైల్ యాప్‌లు బయటి నుంచి రావాలని ట్రాన్స్‌పోర్ట్ విభాగంలో ఎక్స్‌టర్నల్ మీడియా అడ్రస్, ఎక్స్‌టర్నల్ సిగ్నలింగ్ అడ్రస్ అనే రెండు లైన్లున్నాయి. వాటి పక్కనే లోకల్ నెట్ లైనులో కార్ఖానా వరస ఒక్కటే ఉంది. ఆ జాబితాలో లేని ప్రతి చిరునామానీ ఆస్టరిస్క్ "బయటిది" అనుకుంటుంది. దాని లెక్కలో 10.30.1 బయటిదే.

లోకల్ నెట్‌లో టన్నెల్ వరసలు కలిపి, పీజేసిప్ రీలోడ్ ఇచ్చాం. ఏమీ మారలేదు! ఇక్కడే చాలామంది కారణం తప్పనుకుని వేరే దారి పడతారు. ట్రాన్స్‌పోర్ట్ విభాగంలోని మార్పులు మామూలు రీలోడ్‌తో అమల్లోకి రావు, ఆస్టరిస్క్‌ని పూర్తిగా ఆపి మొదలుపెట్టాలి. రీస్టార్ట్ చేయగానే మూడు లక్షణాలూ ఒకేసారి పోయాయి.

ఎండ్‌పాయింట్ విభాగంలో (ఒక్కో ఫోన్ వివరాలు రాసే చోటు) చివరికి నిలిచిన సెట్టింగులు:

1. డైరెక్ట్ మీడియా: నో. మాట ఎప్పుడూ సర్వర్ మీదుగానే వెళ్తుంది, కొలవడం కుదురుతుంది.
2. ఆర్‌టీపీ సిమ్మెట్రిక్: యెస్.
3. ఫోర్స్ ఆర్‌పోర్ట్: యెస్.
4. రీరైట్ కాంటాక్ట్: యెస్.
5. ఏఓఆర్ విభాగంలో (ఫోన్ ఏ చిరునామా నుంచి రిజిస్టర్ అయిందో ఉండే చోటు) క్వాలిఫై ఫ్రీక్వెన్సీ 30. ప్రతి 30 సెకన్లకీ ఆప్షన్స్ సందేశం వెళ్తుంది, ఫోన్ బతికుందో లేదో తెలుస్తుంది.
6. బల్లఫోన్లకి మాక్స్ కాంటాక్ట్స్ 1, రిమూవ్ ఎగ్జిస్టింగ్ యెస్. లేకపోతే చిరునామా మారిన ఫోన్ రెండోసారి రిజిస్టర్ కాలేక బయటే ఉండిపోతుంది.

రౌటర్లో సిప్ ఏఎల్‌జీ అనేది ఉంటే ఆపేయండి. సందేశం లోపలి చిరునామాల్ని అది తనకి తోచినట్టు మార్చేస్తుంది. టన్నెల్ లోపలి సందేశం దానికి కనబడదు కాబట్టి మా గొడౌనులో ఆ బెడద లేదు. శ్రీకాకుళం ఆఫీసు ఇదే పద్ధతిలో ఏ తంటా లేకుండా కలిసిపోయింది.

ఇప్పటి వరకు: హరిపురం ఫోన్లు, రౌటర్ 11,200, శ్రీకాకుళం ఫోన్లు, రౌటర్ 10,100. మొత్తం రూ. 87,850. బల్లఫోన్లు 13.

దశ 4: తెరిచి ఉంచిన 5060

మొబైల్ యాప్‌ల కోసం ఈ దశలో పలాస రౌటర్‌లో 5060 పోర్టు (సిప్ సందేశాలు వచ్చే తలుపు) సర్వర్‌కి మళ్లించాం. పొద్దున్నే లాగ్ తెరిస్తే ఒక్క రాత్రిలో 14 వేలకి పైగా ఎర్రర్ లైన్లు. "ఈ పేరుతో ఎండ్‌పాయింట్ లేదు" అని ఒకటే వరస. 100, 101, 1000 అంటూ అందరూ పెట్టుకునే నంబర్లన్నీ ప్రయత్నిస్తున్నారు. యూజర్ ఏజెంట్ దగ్గర ఫ్రెండ్లీ స్కానర్ అని ఉంది. అది సిప్‌విషియస్ అనే పరీక్షా సాధనం పెట్టుకునే పేరు. మన మీద ఎవరికో కక్ష ఉండి కాదు, ఇంటర్నెట్‌లో 5060 తెరిచిన ప్రతి యంత్రానికీ ఇదే జరుగుతుంది.

మొదట ఫెయిల్‌టూబ్యాన్ పెట్టాం, తప్పు పాస్‌వర్డ్ కొట్టేవాళ్ల చిరునామాని కొంతసేపు అడ్డుకుంటుంది. లాగ్ తగ్గింది కానీ ఆగలేదు, చిరునామాలు మార్చి మార్చి వస్తున్నారు. ఇంకో చిక్కు కూడా ఉంది. మొబైల్ కంపెనీల దగ్గర వేలమందికి ఒకే చిరునామా కాబట్టి, ఎవరో చేసిన పనికి మన యాప్ కూడా బ్లాక్ అయిపోవచ్చు.

మొబైళ్లలో కూడా వైర్‌గార్డ్ వేసి, 5060ని బయటి నుంచి పూర్తిగా మూసేశాం. ఇప్పుడు తెరిచి ఉన్నది 51820 ఒక్కటే. సరైన తాళం లేని ప్యాకెట్‌కి వైర్‌గార్డ్ జవాబే ఇవ్వదు, అక్కడ ఏదో ఉందని స్కానర్‌కి తెలియదు. మరుసటి రాత్రి అలాంటి లైన్లు సున్నా. దీంతో దశ 3లో మమ్మల్ని తిప్పలుపెట్టిన ఎక్స్‌టర్నల్ అడ్రస్ లైన్లు రెండూ అక్కర్లేకుండా పోయాయి, తీసేశాం. మొదటి నుంచీ టన్నెల్‌తోనే కట్టేవాళ్లకి ఆ లైన్లతో పనే లేదు.

అయినా పాస్‌వర్డ్‌లు పొడవుగానే ఉంచండి. 201కి పాస్‌వర్డ్ 201 అని పెట్టే అలవాటు లోపలి ఫోన్లకి కూడా మంచిది కాదు.

మొబైల్ యాప్‌తో ఇంకో చిన్న మెలిక. రిజిస్టర్ అవుతుంది, కాల్స్ వస్తాయి, కానీ యాప్ నుంచి చేస్తే సర్వర్‌కి ఏమీ చేరదు. రిజిస్టర్ సందేశం చిన్నది. ఇన్వైట్‌లో (కాల్ మొదలుపెట్టే సందేశం) యాప్ తనకి తెలిసిన ఆడియో, వీడియో కోడెక్‌లన్నీ (మాటని, బొమ్మని డేటాగా మార్చే పద్ధతులు) రాసుకుని 1,900 బైట్ల దాకా పెంచుతోంది. టన్నెల్ ఎమ్‌టీయూ, అంటే ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు, 1420 బైట్లు. యూడీపీ ప్యాకెట్ రెండు ముక్కలై, దారిలో రెండో ముక్క పోతోంది. యాప్‌లో వీడియో ఆపి ఒక్క ఆడియో కోడెక్ ఉంచితే ఇన్వైట్ 1,000 బైట్ల లోపుకి వచ్చింది, కాల్ వెళ్లింది. అంతవరకూ తగ్గించలేకపోతే ఆ యాప్‌కి యూడీపీ బదులు టీసీపీ పెట్టాలి.

ఈ దశ ఖర్చు లేదు. బల్లఫోన్లు 13, మొబైళ్లు 3.

దశ 5: 4జీ మీద మాట నాణ్యత

సాయంత్రం ఏడు దాటాక హరిపురం మాట తెగేది. మొదటి అనుమానం డేటా వేగం మీద పడింది, అందుకే లెక్క వేశాం.

జీ.711 కోడెక్ సెకనుకి 50 ప్యాకెట్లు పంపుతుంది. ఒక్కోదానిలో మాట 160 బైట్లు, ఐపీ, యూడీపీ, ఆర్‌టీపీ హెడర్లు 40, వెరసి 200. వైర్‌గార్డ్ దీన్ని 16 గుణిజానికి పెంచి 208 చేస్తుంది, తన హెడర్లు 60 కలుపుతుంది. మొత్తం 268 బైట్లు. అంటే ఒక్కో దిశలో 107 కేబీపీఎస్. రెండు ఫోన్లూ ఒకేసారి మాట్లాడినా 215 దాటదు. సాయంత్రం కొలిచిన అప్‌లోడ్ వేగం 800 కేబీపీఎస్, కాబట్టి వేగం చాలు.

అయినా జీ.729కి మార్చి చూశాం, అది ఇదే లెక్కలో 50 కేబీపీఎస్ దగ్గర ఆగుతుంది. రెండు నష్టాలు కనిపించాయి. మాట తెగడం ఏమాత్రం తగ్గలేదు. పైగా హరిపురం నుంచి గుంపు పిలుపు నంబర్‌కి (అన్ని సెక్షన్ల స్పీకర్లూ తెరిచేది, దశ 7లో ఉంది) చేస్తే 488 జవాబు వచ్చేది, అంటే "ఈ కోడెక్ నాకు కుదరదు" అని. మేం కట్టిన ఆస్టరిస్క్ జీ.729ని అటు నుంచి ఇటు పంపగలదు గానీ, విప్పి వేరే కోడెక్‌గా మార్చలేదు. వెనక్కి వచ్చి అన్ని ఫోన్లకీ జీ.711 ఏ-లా ఒక్కటే ఉంచాం. అన్ని ఫోన్లకీ ఒకే కోడెక్ ఉంటే సర్వర్‌కి మార్చే పనే ఉండదు.

కాల్ నడుస్తుండగా పీజేసిప్ షో ఛానెల్‌స్టాట్స్ కొడితే అసలు సంగతి తెలిసింది. హరిపురం నుంచి వచ్చే దిశలో ప్యాకెట్ల నష్టం 6 శాతం, అటు వెళ్లే దిశలో ఒకటి లోపే. నష్టం పైకి పంపే దిశలో ఉందంటే రౌటర్ టవర్‌కి సరిగా వినబడటం లేదన్నమాట. రౌటర్ పేజీలో ఆర్‌ఎస్‌ఆర్‌పీ (టవర్ సిగ్నల్ బలం) మైనస్ 113 డీబీఎమ్, అంటే బాగా తక్కువ. రేకుల కప్పు కింద, పిక్కల బస్తాల వెనక దాన్ని పెట్టారు.

మార్చింది: బయట గోడకి యాంటెన్నా బిగించి పలాస వైపు తిప్పాం. రీడింగ్ మైనస్ 96కి వచ్చింది. సాయంత్రం నష్టం 1 శాతం లోపు. మిగిలిన ఒడిదొడుకులకి డయల్‌ప్లాన్‌లో హరిపురం కాల్స్‌కి మాత్రం అడాప్టివ్ జిట్టర్‌బఫర్ (ప్యాకెట్లని కాస్త ఆపి సమంగా వదిలేది) పెట్టాం. దీనివల్ల మాట కొంచెం ఆలస్యమవుతుంది. ఐటీయూ జీ.114 సూచన ప్రకారం ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మాట్లాడేవాళ్లకి ఇబ్బంది ఉండదు. మాది 110 దగ్గర ఉంది. శ్రీకాకుళం ఫైబర్ మీద బఫర్ అక్కర్లేదు, పెట్టలేదు.

ఇప్పటి వరకు: యాంటెన్నా 1,600. మొత్తం రూ. 89,450.

దశ 6: కరెంటు పోయి వచ్చాక

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను ఈ తీరం దాటినప్పుడు ఉద్దానం చాలా రోజులు చీకట్లో ఉంది. అంతటి విపత్తుకి మా దగ్గర జవాబు లేదు. కానీ ఈదురుగాలికి గంటసేపు కరెంటు పోవడం ఇక్కడ మామూలే, అది తట్టుకోవాలి.

పరీక్ష పెడితే వింత కనిపించింది. హరిపురంలో ఒక్కచోటే కరెంటు పోయి వస్తే టన్నెల్ తిరిగి రాదు. రెండుచోట్లా పోయి వస్తే వెంటనే వస్తుంది. పలాసలో వైర్‌గార్డ్ ఆపి మొదలుపెట్టినా వస్తుంది. చూసేవాళ్లకి తప్పు పలాస సర్వర్‌దే అనిపిస్తుంది.

కారణం గడియారం. వైర్‌గార్డ్ చేయికలపడానికి పంపే మొదటి సందేశంలో టైమ్ ఉంటుంది. ఎవరో పాత సందేశాన్ని దాచి మళ్లీ పంపకుండా, అవతలి యంత్రం అంతకుముందు చూసిన టైమ్ కంటే వెనకటిదాన్ని తీసుకోదు. హరిపురం రౌటర్‌లో బ్యాటరీ గడియారం లేదు. అందులో ఉన్న ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్, కరెంటు రాగానే చివరిసారి సెట్టింగ్ మార్చిన తేదీ దగ్గర నుంచి గడియారం మొదలుపెడుతుంది. పలాస సర్వర్ దాన్ని పాత సందేశం అనుకుని పారేస్తోంది. పలాసలో కూడా రీస్టార్ట్ అయితే ఆ జ్ఞాపకం చెరిగిపోతుంది, అందుకే అప్పుడు కలుస్తోంది.

మరి రౌటర్ ఇంటర్నెట్ నుంచి టైమ్ సరిచేసుకోవాలి కదా? దాని ఎన్‌టీపీ (టైమ్ చెప్పే) సర్వర్‌గా పలాస సర్వర్ టన్నెల్ చిరునామా ఇచ్చి ఉంది. టైమ్ కావాలంటే టన్నెల్ ఉండాలి, టన్నెల్ రావాలంటే టైమ్ ఉండాలి.

1. హరిపురం, శ్రీకాకుళం రౌటర్లలో ఎన్‌టీపీ టన్నెల్ బయటి నుంచే తీసుకునేలా మార్చాం. నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ టైమ్ సర్వర్ మొదటిది, ఎన్‌ఐసీది రెండోది.
2. రెండు రౌటర్లకీ 12 వోల్టుల చిన్న యూపీఎస్‌లు పెట్టాం. కొలిస్తే మూడు గంటలు పైనే నిలిచాయి.
3. సర్వర్ మదర్‌బోర్డులో నాణెం బ్యాటరీ మార్చాం. పాతది 2.4 వోల్టులు చూపించింది, కొత్తది 3 పైన ఉండాలి.

తర్వాత ప్లగ్గు పీకి పెట్టి చూస్తే, రౌటర్ వెలిగిన రెండు నిమిషాల లోపు 301 మోగింది.

ఇప్పటి వరకు: చిన్న యూపీఎస్‌లు 3,800, బ్యాటరీ 50. మొత్తం రూ. 93,300.

దశ 7: డయల్‌ప్లాన్, మనుషులు

వాయిస్‌మెయిల్ పెట్టాం, ఎవరూ వినలేదు, తీసేశాం. దాని బదులు కార్ఖానా ఫోన్ 20 సెకన్లలో ఎవరూ ఎత్తకపోతే ఆఫీసు 202 మోగుతుంది. ఇది అందరికీ నచ్చింది. 290 కొడితే అన్ని సెక్షన్ల స్పీకర్లూ తెరుచుకుంటాయి, లారీ వచ్చిందని గేటు నుంచి చెప్పడానికి. బాయిలర్ దగ్గర మోత వల్ల రింగ్ వినబడదు, బయటి గంట, ఎర్రలైటు పెట్టాం, 1,700.

అన్నిటికంటే నేను పట్టుబట్టి చేయించినది ఫోన్ల మీద స్టిక్కర్. ఈ ఫోన్ల నుంచి 108, 112 వెళ్లవు. చెయ్యి కాలినప్పుడో ఎవరైనా పడిపోయినప్పుడో చేతికి అందిన ఫోన్ ఎత్తి 108 కొడతారు, అది సహజం. కాబట్టి ఆ నంబర్లు కొడితే "తప్పు నంబర్" అనే టోన్ రాకుండా, గేటు, ఆఫీసు, సూపర్‌వైజర్ ఫోన్లు మూడూ ఒకేసారి మోగుతాయి. ఎత్తినవాళ్లు తమ మొబైల్ నుంచి 108కి చేస్తారు. స్టిక్కర్ మీద తెలుగులో, ఒడియాలో రెండింటిలో రాయించాం. సరిహద్దు దగ్గర కాబట్టి ఒడియా మాట్లాడేవాళ్లూ పనిలో ఉన్నారు.

మొత్తం రూ. 95,000. బల్లఫోన్లు 13, మొబైళ్లు 3.

రోజూ చూసేవి

1. పీజేసిప్ షో కాంటాక్ట్స్: అన్ని వరసల్లో అవైల్ ఉండాలి. ఐదు నిమిషాలకోసారి ఒక స్క్రిప్ట్ లెక్కపెట్టి, బల్లఫోన్లు 13 కంటే తగ్గితే మెసేజ్ పంపుతుంది.
2. అదే పట్టికలో ఆర్‌టీటీ (సందేశం వెళ్లి జవాబు రావడానికి పట్టే టైమ్): హరిపురం మామూలుగా 60 నుంచి 90 మిల్లీసెకన్లు. 200 దాటితే యాంటెన్నా చూడాలి.
3. మాస్టర్ డాట్ సీఎస్‌వీ, అంటే కాల్స్ చిట్టా: 32 సెకన్ల కాల్స్ గుంపుగా కనిపిస్తే ఎవరో ట్రాన్స్‌పోర్ట్ సెట్టింగ్ ముట్టుకున్నారని అర్థం.
4. డిస్క్ ఖాళీ: సిప్ లాగర్ ఆన్ చేసి మర్చిపోతే లాగ్ ఫైలు డిస్కంతా తినేస్తుంది.

మిగిలిన పని

సర్వర్ ఒక్కటే కావడం ఇంకా తీరని బెంగ. రెండో ఎస్‌ఎస్‌డీకి మొత్తం కాపీ తీసి ఆఫీసు బీరువాలో పెట్టాలి. దాన్ని వేరే పీసీలో వేసి, అన్ని ఫోన్లూ దాని మీద రిజిస్టర్ అవుతాయో లేదో ఒక ఆదివారం కార్ఖానా ఆగి ఉన్నప్పుడు చూడాలి. నెట్‌వర్క్ కార్డు మారితే ఇంటర్‌ఫేస్ పేరు మారవచ్చు కాబట్టి, ముందు చూడాల్సింది డెబియన్ నెట్‌వర్క్ ఫైలు.